వాషింగ్టన్ ఓటర్ల పుస్తకం: పోలీసుల గురించి అభ్యర్థి ఏమంటున్నారో ఇందులో ఎంత దొరుకుతుంది?

వాషింగ్టన్ రాష్ట్రంలో ఎన్నికల ముందు ఇంటింటికీ పోస్టులో ఉచితంగా వచ్చే ఓటర్ల పుస్తకం గురించి ఈ రివ్యూ. న్యూస్‌పేపర్ లాంటి పల్చటి కాగితం మీద అచ్చయి ఉంటుంది. రాష్ట్రం ఒకటి పంపుతుంది, మేముండే కింగ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, సియాటిల్ ఇందులోనే ఉంది) ఇంకొకటి పంపుతుంది. ఇక్కడ ఓటు వేసేది పోస్టులోనే కాబట్టి బ్యాలట్ కూడా ఇంచుమించు అప్పుడే చేతికొస్తుంది. బూత్ దగ్గర లైన్లో నిలబడే హడావిడి లేదు. పుస్తకం ఒక పక్క, బ్యాలట్ ఒక పక్క పెట్టుకుని, ఒక్కో పేరు దగ్గర ఆగి, చదివి, ఆలోచించి గడి నింపవచ్చు. 1914 నుంచి ఈ రాష్ట్రం ఇలాంటి పుస్తకం వేస్తోంది. చాలా ఇళ్లలో ఇది కూపన్ల కాగితాలతో కలిసి రీసైక్లింగ్ డబ్బాలోకి వెళ్లిపోతుంది. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

నేను దీన్ని ముఖ్యంగా ఒక ప్రశ్న పెట్టుకుని చదువుతాను. పోలీసుల చేతిలో ఒక మనిషి ప్రాణం పోతే, ఈ పదవిలో కూర్చోబోయే వ్యక్తి ఏం చేస్తారు? ట్యాక్సులు, స్కూళ్లు, ఇమ్మిగ్రేషన్ ముఖ్యం కావని కాదు. మా అబ్బాయికి డ్రైవింగ్ లైసెన్స్ వచ్చినప్పటి నుంచి నాకు ఈ ప్రశ్నే ముందుకొస్తోంది. వాడు కారు తాళాలు తీసుకున్నప్పుడల్లా, "పోలీసు ఆపితే రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచు నాన్నా, అడిగేదాకా పర్సు కోసం జేబులో చెయ్యి పెట్టకు" అని చెప్పి పంపుతాను. "తెలుసమ్మా" అంటాడు. నల్లజాతి తల్లులు తరతరాలుగా పిల్లలకు ఇదే చెప్పుకుంటున్నారు. ఫార్మసీలో నాతో పనిచేసే ఒకావిడ, తన కొడుకు ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నప్పుడే ఈ పాఠం మొదలుపెట్టానని చెప్పింది. నాకు వాడి చేతికి కారు వచ్చాకే టెన్షన్ మొదలైంది. ఆవిడకు అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొదలైంది. ఆ తేడా ఎంత పెద్దదో ఆవిడ పక్కన నిలబడి మందులు లెక్కపెడుతుంటే తెలుస్తుంది.

నా ప్రశ్నకు ఈ పుస్తకం ఎంతవరకు పనికొస్తుందంటే, చట్టాల మీద జనం ఓటు అడిగిన పేజీల్లో చాలా బాగా పనికొస్తుంది. మనుషుల్ని ఎన్నుకునే పేజీల్లో సగమే. మొత్తం మీద ఐదు స్టార్లకు మూడున్నర ఇస్తాను.

ముందు ఏ పేజీ తెరవాలన్నది చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువమంది తెరిచేది ప్రెసిడెంటు పేజీ. మన వాట్సాప్ గ్రూపుల్లో నెలల తరబడి నడిచేదీ ఆ చర్చే. అమెరికాలో దాదాపు 18,000 పోలీసు శాఖలున్నాయి. వాటిలో చాలా భాగం నగరాల చేతుల్లో, కౌంటీల చేతుల్లో ఉంటాయి. రెడ్మండ్ పోలీసులకు గాని, సియాటిల్ పోలీసులకు గాని ప్రెసిడెంటు పై అధికారి కాదు. ఇక్కడ ఒక పోలీసు ఎవరినైనా చంపితే, కేసు పెట్టాలా వద్దా అని సాధారణంగా తేల్చేది కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వం తరఫున నేరాల కేసులు నడిపే లాయరు. ఆ పదవికి నాలుగేళ్లకోసారి మనమే ఓటు వేస్తాం. ఈ కౌంటీలో ఆ పదవికి పార్టీ గుర్తు కూడా ఉండదు. డెమోక్రాట్, రిపబ్లికన్ అని చూసి గడి నింపే వీలు లేదు, కాబట్టి పేరు తెలియనివాళ్లు ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. ఆ అభ్యర్థి పరిచయం ఉండేది కౌంటీ పంపే పుస్తకంలో. రాష్ట్రం పంపిన పుస్తకం మాత్రమే చదివి ఊరుకుంటే అసలు పేజీ తప్పిపోతుంది.

ఆ పదవి బలమెంతో, దానికి చట్టం ఎలా కళ్లెం వేయగలదో తెలియాలంటే 2010కి వెళ్లాలి. ఆ ఆగస్టులో సియాటిల్ డౌన్‌టౌన్‌లో ఒక ఆదివాసీ చెక్క శిల్పి చిన్న చాకుతో చెక్కముక్క చెక్కుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. ఆయనకు ఒక చెవి వినపడదు. వెనక నుంచి వచ్చిన పోలీసు చాకు కింద పడెయ్యమని అరిచి, నాలుగైదు సెకన్లలో కాల్చేశాడు. శిల్పి అక్కడికక్కడే చనిపోయాడు. ఆ కాల్పులు సమర్థనీయం కాదని పోలీసు శాఖ సొంత కమిటీయే తేల్చింది. అయినా అప్పటి ప్రాసిక్యూటర్ కేసు పెట్టలేదు. 1986 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం, పోలీసు మనసులో దురుద్దేశం ఉందని నిరూపిస్తే తప్ప శిక్ష వేయడానికి వీల్లేదు. మనసులో ఉన్న దురుద్దేశాన్ని జ్యూరీ ముందు ఎలా చూపిస్తారు? సియాటిల్ టైమ్స్ పత్రిక లెక్క తీస్తే, 2005 నుంచి 2014 దాకా ఈ రాష్ట్రంలో పోలీసుల చేతిలో 213 మంది చనిపోగా, కేసు ఎదుర్కొన్న పోలీసు ఒక్కడే. ఆ శిల్పి గుర్తుగా ఆయన కుటుంబం, స్నేహితులు చెక్కిన టోటెమ్ స్తంభం 2012 నుంచి సియాటిల్ సెంటర్‌లో ఉంది. ఇండియా నుంచి చుట్టాలొస్తే స్పేస్ నీడిల్ దగ్గర ఫొటోలు దిగుతాం కదా, ఆ పక్కనే. మా ఇంటికొచ్చిన వాళ్లందరినీ నేను అక్కడికి తీసుకెళ్తాను.

ఆ చట్టాన్ని మార్చమని అడిగిందే 2018 నాటి ఇనిషియేటివ్ 940, అంటే జనమే సంతకాలతో ఓటుకు తెచ్చిన చట్టం ప్రతిపాదన. పోలీసుల చేతిలో మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలు, ఆదివాసీ తెగలు సంతకాలు సేకరించి దాన్ని తెచ్చాయి. ఈ పుస్తకం ఎందుకు గొప్పదో తెలియాలంటే ఆ ఏడాది సంచికలో ఆ పేజీలు చూడాలి. ఇప్పుడున్న చట్టం ఏమిటి, ఇది పాసైతే ఏం మారుతుంది అని అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ముఖ్య న్యాయాధికారి) ఆఫీసు రాసిన వివరణ ఉంటుంది. ఖజానా మీద ఎంత భారం పడుతుందో లెక్క ఉంటుంది. ఆ తరువాత అనుకూలంగా ఒక వాదన, వ్యతిరేకంగా ఒక వాదన, మళ్లీ ఒకరి వాదనకు ఇంకొకరి జవాబు, వాటి కింద రాసినవాళ్ల పేర్లు. చివర్లో బిల్లు పూర్తి పాఠం, ఏ ముక్క తీసేస్తున్నారో గీత కొట్టి, ఏది చేరుస్తున్నారో కింద గీత గీసి. టీవీ ప్రకటనల్లో ఒకళ్ల గొంతే వినిపిస్తుంది. ఇక్కడ రెండు గొంతులూ ఎదురెదురుగా ఉంటాయి, పైగా ఇద్దరికీ సమానంగా చోటు. దురుద్దేశం అన్న షరతు తీసేసి, ఉద్రిక్తత తగ్గించే శిక్షణ పోలీసులందరికీ తప్పనిసరి చేసే ఆ చట్టం దాదాపు 60 శాతం ఓట్లతో గెలిచింది.

అది గెలవడం వల్ల ఏం మారిందో ఆబర్న్ కేసు చెబుతుంది. 2019లో ఆబర్న్‌లో ఒక పోలీసు షాపు బయట 26 ఏళ్ల యువకుణ్ణి కాల్చి చంపాడు. 2020లో కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ హత్య కేసు పెట్టారు. 2024 జూన్‌లో జ్యూరీ ఆ పోలీసును దోషి అంది. 2025 జనవరిలో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. కొత్త చట్టం కింద ఒక పోలీసును జ్యూరీ హత్యకు దోషిగా తేల్చడం అదే మొదలు. శిల్పి కేసులో చేతులెత్తేసిన ప్రాసిక్యూటరే ఆబర్న్ కేసు పెట్టారు. ఆయన మారలేదు, చట్టం మారింది. ఆ మార్పుకు మనం గడి నింపింది ఈ పుస్తకం చూసే.

ఇంక అభ్యర్థుల పేజీలకొస్తాను. ఇక్కడే నాకు అసంతృప్తి.

ఫొటో, ఇదివరకు చేసిన పదవులు, ఉద్యోగాలు, చదువు, సేవా కార్యక్రమాలు, ఆ తరువాత అభ్యర్థి సొంతంగా రాసుకున్న నాలుగు పేరాలు. ఎన్నికల ఆఫీసు వాటిని సరిదిద్దదు, నిజమా కాదా అని పరీక్షించదు. అలాగే ఉండాలి కూడా, ప్రభుత్వం అభ్యర్థి మాటలు దిద్దడం మొదలుపెడితే అది ఇంకా పెద్ద ప్రమాదం. కానీ ఏం రాయాలన్నది పూర్తిగా అభ్యర్థి ఇష్టం అవడం వల్ల, ఇబ్బంది పెట్టే విషయాన్ని ముట్టుకోకుండా దాటేయవచ్చు. భద్రమైన వీధులు, అందరికీ న్యాయం, జవాబుదారీతనం లాంటి మాటలు ఎవరైనా రాయగలరు. వాటిని ఎవరు కాదంటారు?

మా అత్తయ్యకు ఇంగ్లీషు పేపర్ చదవడం కష్టం. ఆవిడకు సిటిజెన్‌షిప్ వచ్చింది, ఓటు తప్పకుండా వేస్తారు. నేను ఒక్కో అభ్యర్థిదీ తెలుగులో చెబుతుంటే, ఆవిడ ఎర్ర పెన్ను, పచ్చ పెన్ను పట్టుకుని పక్కన కూర్చుంటారు. చేసి చూపించిన పని వస్తే పచ్చ గీత, చేస్తానన్న మాట వస్తే ఎర్ర గీత. ముప్పై ఏళ్లు టీచరుగా జవాబు పత్రాలు దిద్దిన చెయ్యి. 2022లో కౌంటీ పుస్తకం ముందేసుకుని కూర్చున్నప్పుడు ఒక పేజీ దగ్గర ఆగి, "అమ్మాయ్, అడిగినదానికి జవాబు లేదు, తెలిసింది మాత్రం రాశారు" అన్నారు. ఏ అభ్యర్థి పేజీయో ఇక్కడ చెప్పను. చాలా పేజీలకు ఆ మాట సరిపోతుంది.

ఆ ఏడాది ప్రాసిక్యూటర్ పదవికి నవంబరులో మిగిలింది ఇద్దరు: పాత ప్రాసిక్యూటర్ దగ్గర చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా చేసిన లీసా మానియన్, ఫెడరల్ వే నగర మేయర్ జిమ్ ఫెరెల్. నేరాలు పెరిగాయన్న భయం, కోవిడ్ తరువాత పేరుకుపోయిన కేసులు, తప్పు చేసిన టీనేజ్ పిల్లల్ని కోర్టుకు పంపకుండా కమ్యూనిటీ సంస్థలకు అప్పగించే పథకం, ప్రచారమంతా వీటి చుట్టూనే తిరిగింది. పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి హత్య జరిగి రెండున్నరేళ్లే అయింది. అయినా పోలీసు చంపితే ఏ ప్రమాణంతో కేసు పెడతారన్న చర్చ వెనక్కి పోయింది. మానియన్ గెలిచారు. కొరియాలో పుట్టిన ఆమె, ఆ పదవికి ఎన్నికైన తొలి మహిళ, తెల్లజాతి కాని తొలి వ్యక్తి.

ఆమె బాధ్యతలు తీసుకున్న నెలలోనే, 2023 జనవరి 23 రాత్రి, సియాటిల్‌లో మన తెలుగమ్మాయి చనిపోయింది. కర్నూలు జిల్లా నుంచి చదువుకోవడానికి వచ్చిన 23 ఏళ్ల పిల్ల, క్రాస్‌వాక్ మీద రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్దేసింది. గంటకు 25 మైళ్ల పరిమితి ఉన్న వీధిలో ఆ కారు వేగం ఒక దశలో 74 మైళ్లు. ఆ తరువాత పోలీసు సంఘం ఉపాధ్యక్షుడు ఒకడు ఫోన్లో నవ్వుతూ, ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదని, పదకొండు వేల డాలర్ల చెక్కు రాసేస్తే సరిపోతుందని మాట్లాడిన వీడియో బయటికొచ్చింది. మన ఇళ్లన్నిటిలో ఆ వీడియో చూశాం. గుడిలో, భోజనాల దగ్గర, క్రికెట్ గ్రౌండులో అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. కొవ్వొత్తులు పట్టుకున్నాం. ఇండియన్ కాన్సులేట్ వాళ్లు గట్టిగా అడిగారు.

2024 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్ మానియన్ నిర్ణయం చెప్పారు. నేరం కేసు పెట్టడం లేదు. చట్టం కోరే స్థాయిలో ఆ పోలీసు నిర్లక్ష్యాన్ని సందేహానికి తావు లేకుండా నిరూపించడానికి సాక్ష్యం చాలదన్నారు. అతను అత్యవసర కాల్‌కు వెళ్తున్నాడని, కారు లైట్లు వెలుగుతున్నాయని లెక్కలోకి తీసుకున్నారు. ఫోన్లో నవ్విన పోలీసు మాటలు ఘోరమైనవే అయినా, కారు నడిపిన వ్యక్తి నేరాన్ని తేల్చడానికి అవి పనికిరావన్నారు. చివరికి కారు నడిపిన అతనికి ట్రాఫిక్ తప్పు కింద 5,000 డాలర్ల జరిమానా నోటీసు వచ్చింది. నవ్విన పోలీసును 2024 జులైలో, కారు నడిపిన పోలీసును 2025 జనవరిలో ఉద్యోగం నుంచి తీసేశారు.

ఆ నిర్ణయం నాకు మింగుడు పడలేదు. మూడింతల వేగం నిర్లక్ష్యం కాకపోతే ఇంకేది అవుతుంది అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆబర్న్ పోలీసును కోర్టులో నిలబెట్టి దోషి అనిపించింది కూడా ఇదే ప్రాసిక్యూటర్ ఆఫీసు, ఈమె హయాంలోనే. అది కాదనను. నేను అడిగేది ఇదే: ఓటు వేసే ముందు నాకు తెలిసి ఉండాల్సింది ఈ రెండు నిర్ణయాల వెనక ఉన్న ఆలోచన. తుపాకీతో చంపితే ఎలా చూస్తారు, కారుతో చంపితే ఎలా చూస్తారు? సాక్ష్యం అటూ ఇటూ ఊగుతున్నప్పుడు జ్యూరీనే తేల్చనిస్తారా, ముందే ఆపేస్తారా? తమకు రోజూ కేసులు తెచ్చిపెట్టే పోలీసుల మీదే కేసు పెట్టాల్సి వస్తే బయటి ప్రాసిక్యూటర్‌కు అప్పగిస్తారా? అభ్యర్థి పేజీ ఉన్న తీరు అలాంటి ప్రశ్నకు జవాబు రాబట్టదు. రాయకపోయినా అడిగేవాళ్లు లేరు.

ఈ ప్రశ్నలు ఊరికే పుట్టినవి కావు. 2021లో రాష్ట్ర శాసనసభ పోలీసుల మీద వరుసగా చట్టాలు చేసింది. మెడ నొక్కి పట్టుకోవడం నిషేధించింది. తప్పు చేసిన పోలీసు లైసెన్సు రద్దుచేసే అధికారం పెంచింది. మరణాలపై దర్యాప్తుకు గవర్నర్ ఆఫీసులో స్వతంత్ర విభాగం పెట్టింది. అయితే ఆ విభాగం పని దర్యాప్తు వరకే. కేసు పెట్టే అధికారం మళ్లీ కౌంటీ ప్రాసిక్యూటర్ దగ్గరే ఆగుతుంది. స్వతంత్ర ప్రాసిక్యూటర్ కావాలని 2023లో బిల్లు తెచ్చారు, పాస్ కాలేదు. కాబట్టి ఈ పేజీలో ఎవరున్నారన్నది అంతే ముఖ్యంగా ఉండిపోయింది.

పేజీలో లేనిదాన్ని నేను ఎలా పూరించుకుంటానో చెబుతాను. పరిచయం చివర్లో మద్దతు ఇచ్చినవాళ్ల జాబితా ఉంటుంది. చాలామంది దాన్ని దాటేస్తారు, నేను అక్కడే ఎక్కువసేపు ఆగుతాను. పోలీసు సంఘాలు ఎవరి వెనక ఉన్నాయి, పౌరహక్కుల సంఘాలు ఎవరి వెనక ఉన్నాయి, రెండూ ఒకరి వెనకే ఉంటే ఎందుకు? పోలీసు సంఘం మద్దతు ఉన్నంత మాత్రాన ఆ అభ్యర్థిని కొట్టేయను. కానీ రేపు ఆ సంఘం ఉపాధ్యక్షుడి లాంటివాడి మీదే నిర్ణయం తీసుకోవాల్సి వస్తే ఏం చేస్తారో ఈమెయిల్ పెట్టి అడుగుతాను. అభ్యర్థి ఈమెయిల్, వెబ్‌సైటు పుస్తకంలోనే ఉంటాయి, అదొక మంచి సౌకర్యం. చందాలు ఎవరిచ్చారో రాష్ట్రంలోని పబ్లిక్ డిస్‌క్లోజర్ కమిషన్ సైటులో పేరు కొట్టి చూడవచ్చు. లైబ్రరీలోనో కమ్యూనిటీ హాల్లోనో అభ్యర్థుల మీటింగు పెడితే వెళ్తాను. అక్కడ మన మొహం కనపడటం కూడా అవసరమే.

గవర్నర్ పేజీకి రాష్ట్రం పుస్తకం తెరవాలి. 2024లో ఒక పక్క అటార్నీ జనరల్ బాబ్ ఫెర్గుసన్, ఇంకో పక్క ఒకప్పటి కింగ్ కౌంటీ షెరిఫ్ (కౌంటీ పోలీసుల అధిపతి), మాజీ కాంగ్రెస్ సభ్యుడు డేవ్ రైకర్ట్. పోలీసుల విషయంలో ఫెర్గుసన్‌ను ఒక ముక్కలో చెప్పడం కుదరదు. టకోమాలో 2020 మార్చిలో మాన్యుయెల్ ఎల్లిస్ అనే నల్లజాతి యువకుడు, ఊపిరి ఆడటం లేదని చెబుతూ పోలీసుల చేతిలో చనిపోయాడు. జార్జ్ ఫ్లాయిడ్ కన్నా దాదాపు మూడు నెలల ముందు. కౌంటీ ప్రాసిక్యూటర్ కాకుండా, అటార్నీ జనరల్‌గా ఫెర్గుసన్ 2021లో ముగ్గురు పోలీసుల మీద కేసు పెట్టారు, ఇద్దరి మీద హత్య ఆరోపణతో. 2023 డిసెంబరులో జ్యూరీ ముగ్గుర్నీ నిర్దోషులంది. అదే మనిషి గవర్నర్‌గా నిలబడినప్పుడు, పోలీసుల నియామకాలకు 10 కోట్ల డాలర్లు ఇస్తానని ప్రచారం చేశారు. గెలిచారు, 2025లో ఆ డబ్బు గ్రాంటుగా ఇచ్చే చట్టం మీద సంతకం పెట్టారు. డబ్బు తీసుకునే శాఖలకు శిక్షణ, విధానాల షరతులు ఉన్నాయి.

దీని మీద మా ఇంట్లో వాదన జరిగింది. "కేసు పెట్టిందీ ఈయనే, పోలీసుల్ని పెంచుతానన్నదీ ఈయనే, ఏది నమ్మాలి?" అన్నారు మావారు. నాకు అందులో వైరుధ్యం కనపడలేదు. ఈ రాష్ట్రంలో జనాభాకు తగ్గ పోలీసులు లేరు, ఆ లెక్కలో దేశంలోనే ఆఖరున ఉంటుంది. మా వీధిలో దొంగతనం జరిగినప్పుడు పోలీసు రావాలని మేమూ ఫోన్ చేశాం. మనుషులు తక్కువై, డ్యూటీ మీద డ్యూటీ చేసి అలిసిపోయిన పోలీసు చేతిలో తుపాకీ ఉంటే నాకు ఎక్కువ భయం. అయితే ఎంతమందిని తీసుకుంటారన్న అంకె చాలదు. ఇంకో ఊళ్లో తప్పు చేసి ఉద్యోగం పోయినవాణ్ణి ఇక్కడ తీసుకోకుండా ఎవరు చూస్తారు? ఓడిపోయే కేసు అని తెలిసినా ఎల్లిస్ కేసు లాంటిది మళ్లీ పెడతారా? ఇవి చెప్పే అభ్యర్థి కావాలి. ఈ విషయంలో ఫెర్గుసన్‌కు ఉన్న బలం ఆయన ఏం చేశారో కోర్టు రికార్డులో ఉండటం. అత్తయ్య పచ్చ పెన్ను అక్కడ ఎక్కువ తిరిగింది.

షెరిఫ్ పేరు కోసం వెతకక్కర్లేదు. 2020లో కింగ్ కౌంటీ ఓటర్లు చార్టర్ (కౌంటీ మూల చట్టం) సవరించి, షెరిఫ్‌ను ఎన్నుకోవడం మాని నియమించే పద్ధతి తెచ్చారు. ఆ నియామకం చేసేది కౌంటీ ఎగ్జిక్యూటివ్, అంటే కౌంటీ పాలన నడిపే అధిపతి, కాబట్టి ఆ పేజీ చదవాలి. పక్క కౌంటీల్లో ఉన్నవాళ్లు మాత్రం షెరిఫ్‌ను ఇంకా ఎన్నుకుంటారు.

రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీల పేజీలు మాత్రం వదలొద్దు. ఇక్కడ వాళ్లనూ ఓటుతోనే ఎన్నుకుంటాం. 2020 జూన్‌లో తొమ్మిది మంది జడ్జీలూ కలిసి సంతకం పెట్టి, నల్లవాళ్ల జీవితాలకు విలువ తగ్గించడంలో న్యాయవ్యవస్థ పాత్ర కూడా ఉందని ఒప్పుకుంటూ బహిరంగ లేఖ రాశారు. లేఖతో ఆగలేదు. 2022లో ఒక కేసులో, పోలీసు ఆపినప్పుడు ఆ మనిషికి వెళ్లిపోయే స్వేచ్ఛ ఉందా లేదా అని తేల్చేటప్పుడు అతని జాతిని కూడా లెక్కలోకి తీసుకోవాలని తీర్పు ఇచ్చారు. ఆ కేసులో మనిషి ఆసియా, పసిఫిక్ దీవుల మూలాలవాడు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చునే మా అబ్బాయికి ఆ తీర్పు వర్తిస్తుంది. జడ్జీల పరిచయాల్లో ఇంత స్పష్టంగా ఏమీ దొరకదు, రేపు తమ ముందుకు రాబోయే కేసుల మీద వాళ్లు ముందే మాట ఇవ్వకూడదు కూడా. తీర్పులు వెతుక్కుని చదవాలి. టైం పడుతుంది, కానీ ఫలితం ఉంటుంది.

భాష సంగతి. కింగ్ కౌంటీలో చైనీస్, కొరియన్, వియత్నామీస్, స్పానిష్ లాంటి కొన్ని భాషల్లో బ్యాలట్, పుస్తకం అడిగి తెప్పించుకోవచ్చు. తెలుగు లేదు. ఇంతమంది తెలుగువాళ్లం ఈ కౌంటీలో ఉన్నాం, వాళ్లలో సిటిజెన్లైన పెద్దవాళ్లూ ఉన్నారు. మన సంఘాలు పండగలకు పెట్టే శ్రద్ధలో కొంత ఈ పుస్తకం మీద పెట్టి, కనీసం ప్రాసిక్యూటర్ పేజీ, పోలీసు చట్టాల పేజీలు తెలుగులో ఎవరివైపూ మొగ్గకుండా చెప్పే మీటింగు పెడితే ఎంత మేలు! పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఈ రాష్ట్రంలో ముందుగానే ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. మా అబ్బాయి చేసుకున్నాడు. వాణ్ణీ అత్తయ్య పక్కనే కూర్చోబెడుతున్నాను, పెన్నుల విషయంలో ఇద్దరికీ గొడవ.

ఈ పుస్తకంలో నేను కోరే మార్పు ఒక్కటే. చట్టాల పేజీల్లో ఉన్న క్రమశిక్షణ మనుషుల పేజీల్లోకి రావాలి. ప్రాసిక్యూటర్, అటార్నీ జనరల్, కౌంటీ ఎగ్జిక్యూటివ్ పదవులకు నిలబడ్డవాళ్లందరికీ ఒకే ప్రశ్న అచ్చువేసి, కింద జవాబుకు చోటు వదలాలి. రాయకపోతే ఆ చోటు ఖాళీగానే అచ్చు వేయాలి. కొన్ని స్వచ్ఛంద సంస్థలు ఇంటర్నెట్‌లో ఇప్పటికే ఇలా చేస్తున్నాయి. అభ్యర్థుల జవాబులు పక్కపక్కనే పెడతాయి, జవాబు ఇవ్వనివాళ్లను ఇవ్వలేదని చూపిస్తాయి. ఇంటర్నెట్ చూడని అత్తయ్య లాంటివాళ్లకు అది కాగితం మీద రావాలి.

కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ పదవికి మళ్లీ ఎన్నిక 2026లో. ఇద్దరికన్నా ఎక్కువమంది నిలబడితే ఆగస్టు ప్రైమరీలోనే, అంటే తొలి విడత ఓటింగులోనే, ఎక్కువ ఓట్లు వచ్చిన ఇద్దరు తప్ప మిగతావాళ్లు తప్పుకుంటారు, కాబట్టి జులైలో వచ్చే పుస్తకాన్ని కూడా పారేయకండి. పార్టీ గుర్తు లేని పదవుల్లో వెతకండి. బ్యాలట్ తిరిగి పంపడానికి స్టాంపు అవసరం లేదు.